ఎంత ఎత్తునున్నావు పంతులమ్మా

ఆదివారం సాయంత్రాలు మా ఇంట్లో యుద్ధం జరిగేది.

అనకాపల్లి గవరపాలెంలో రెండో అంతస్తులో అద్దెకుంటాం. మా పైన ఇంకెవరూ లేరు, ఉత్త డాబాయే. ముందుగదిలో మా ఆయన దేవీప్రసాద్ కంప్యూటరు, దాని ముందు విమానం నడిపే పిడి, టేబులు కింద కాళ్ళతో తొక్కే పెడళ్ళు. ఆయన పరవాడలో మందుల కంపెనీ ఒకదాంట్లో షిఫ్టు ఆపరేటరు. వారంలో ఆరు రోజులు కంపెనీ బస్సులో నిద్రపోతూ వెళ్ళి నిద్రపోతూ వస్తాడు. ఏడో రోజు పాతకాలపు బాంబర్ విమానానికి కెప్టెన్. పక్క కుర్చీలో కన్నబాబు. స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు ఇతనిది. మా ఇంట్లో మాత్రం బాంబులు వేసే మనిషి. ఇద్దరికీ నలభై దాటేశాయి. ఇద్దరి పొట్టలూ టేబులుకి తగులుతాయి. ఇద్దరూ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పక్కపక్కనే కూర్చుని, ఒకరితో ఒకరు మైకులో మాట్లాడుకుంటారు.

నేను ఎస్. రాయవరం వైపు ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. పేరు సత్యలక్ష్మి. తెలివితక్కువ వాళ్ళని చూస్తే నాకు కోపం రాదు, రోత పుడుతుంది. ఇరవై ఏళ్ళ సర్వీసులో అది పెరిగిందే గాని తగ్గలేదు. పిల్లల మీద, వాళ్ళ తల్లిదండ్రుల మీద, స్టాఫ్ రూములో జాతకాలు చెప్పుకునే వాళ్ళ మీద, అందరికంటే ఎక్కువగా మా ముందుగదిలో కూర్చునే ఈ ఇద్దరి మీద.

ఆ నవంబరు ఆదివారం వాయుగుండం పట్టింది. నాలుగున్నరకే చీకటి కమ్మేసింది. కిటికీ రెక్కలు మూసినా వాన జల్లు సందుల్లోంచి వస్తూనే ఉంది. గాలి పరవాడ వైపు నుంచి తిరిగినప్పుడల్లా పుల్లటి మందుల వాసన. నేను గది మూల కుర్చీలో కూర్చుని తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను.

"బావా, మళ్ళీ దాటిపోయి పడ్డాయి," అన్నాడు కన్నబాబు.

"గాలి, కన్నా. గాలి తోసేస్తంది."

"ఆటలో గాలి ఆపేసేం కద బావా."

"అయితే బాంబుల్లోనే ఏదో తేడా ఉంది."

ఇలాంటి మాటలు ఆర్నెల్లుగా వింటున్నాను. ఆ రోజు ఎందుకో తట్టుకోలేకపోయాను. ఎర్ర పెన్ను పక్కన పెట్టి లేచాను.

"ఎంత వేగం ఎక్కించారు?"

గురి యంత్రంలో రెండే అంకెలు ఎక్కించాలి. విమానం వేగం, ఎత్తు. ఎప్పుడు వదలాలో అదే చెబుతుంది. కోతికి నేర్పినా వచ్చే పని.

"నూట అరవై మైళ్ళు," అన్నాడు మా ఆయన. "ముల్లు చూపించిందే ఎక్కించేం."

"ముల్లు చూపించేది నిజం వేగం కాదు. మీద పడే గాలి తోపుని బట్టి అది చెబుతుంది. పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది, అందుకని తక్కువ చూపిస్తుంది. వెయ్యి అడుగులకి నూటికి రెండు చొప్పున కలుపుకోవాలి. మీరు ఎనిమిదివేల అడుగుల మీదున్నారు. పదహారు శాతం కలపండి. నూట ఎనభై ఆరు. ఆ తేడాకి మీరు ఆలస్యంగా వదులుతున్నారు, అందుకే దాటి పడుతున్నాయి."

ఇద్దరూ నోళ్ళు తెరిచి చూశారు.

"ఇక ఎత్తు. అది సముద్రం నుంచి కొలిచి చూపిస్తుంది. మీరు బాంబులు వేసేది సముద్రం మీదా? కింద నేల ఎంత ఎత్తుందో అది తీసెయ్యాలి. ఒక నిమిషం పాటు లేవకుండా, దిగకుండా, పక్కకి ఒరగకుండా పోవాలి. మీరు చూస్తే సంతలో తప్పతాగి నడిచినట్టు నడుపుతున్నారు."

కన్నబాబు సిగ్గుపడలేదు. సంబరపడ్డాడు. "అక్కా, నువ్వు సెప్పు, మేం ఏత్తాం. ఇదిగో, ఇది మన ఏరియాయే. నెల్రోజులు కూసుని నేనే మేప్ తయారుచేసేను. శారదానది, హైవే, సెరకు తోటలు, అన్నీ కొలతల ప్రకారం పెట్టేను. నీకు నచ్చిన టార్గెట్ సెప్పు."

స్క్రీను మీదికి వంగి చూశాను. ఒప్పుకోవాలి, బాగానే చేశాడు. నేను రోజూ స్కూటీ మీద వెళ్ళే రోడ్డు సన్నటి దారంలా కనిపిస్తోంది. దాని పక్క చెరకు తోటల నడుమ ఒంటరిగా ఒక రేకుల కప్పు. పాత బెల్లం వండే పాక.

"అదిగో, అది," అన్నాను వేలు పెట్టి. "అక్కడ ఎవరూ ఉండరు."

ఆ మాట ఎందుకన్నానో అప్పుడు ఆలోచించలేదు. ఆటలో ఎవరుంటే ఏమిటి?

నేల ఎత్తు తొంభై అడుగులని కన్నబాబు చెప్పాడు. ఏడువేల తొమ్మిదివందల పది అని ఎక్కించమన్నాను. మా ఆయన నాలుక కరుచుకుని విమానాన్ని తిన్నగా పట్టుకున్నాడు. వదిలారు. నేను పైకే లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు... ఇరవై రెండు దగ్గర కింద చిన్న బూడిదరంగు పువ్వు విచ్చుకుంది. సరిగ్గా రేకుల మీద.

ఇద్దరూ కేకలు వేశారు. మా ఆయన లేచి గంతులేశాడు. ఒక శాతం లెక్క, ఒక తీసివేత. దానికింత పండగ.

తర్వాత స్క్రీను మీద ఫలితం వచ్చింది. ధ్వంసమైన కట్టడాలు, ఒకటి. కింద ఇంకో వరస. మనుషులు, ఒకరు.

కన్నబాబు నవ్వు ఆగిపోయింది. "మనిషెలా వచ్చేడు? నేను మేప్‌లో మనుషుల్నే పెట్టలేదక్కా. కుక్కని కూడా పెట్టలేదు."

"నువ్వు చేసిన మ్యాపే కదా. ఎక్కడో తగలేసుంటావు," అన్నాను.

"లేదక్కా. నిజం."

"అయితే మళ్ళీ వేసి చూడండి."

అదే నేను చేసిన పొరపాటు. అక్కడితో ఊరుకుని పేపర్లు దిద్దుకుని ఉంటే...

రెండోసారి మొదలుపెట్టగానే కరెంటు పోయింది. ఇన్వర్టర్ కూతపెట్టి అందుకుంది. ఫ్యాను కాసేపు నెమ్మదించి మళ్ళీ తిరిగింది. స్క్రీను మీద చెరకు తోటలు వెనక్కి జారుతున్నాయి. ఆటలో ఎండ కాయాలి, వాళ్ళు అలాగే పెట్టుకున్నారు. కానీ కింద మబ్బు పట్టింది. తెల్లటి మబ్బు కాదు. వానకి తడిసిన గోనెసంచి రంగు.

"నువ్వు మార్చావా, కన్నా?"

"లేదు బావా."

గదిలో వాసన వచ్చింది. మందుల వాసన కాదు. మట్టిగోడ వానకి నాని నాని, లోపలి నుంచి కుళ్ళినప్పుడు వచ్చే వాసన. మా ఇల్లు సిమెంటుది.

కన్నబాబు హెడ్‌ఫోన్లు చెవులకి గట్టిగా నొక్కుకున్నాడు. "ఎవులో దగ్గుతన్నారు," అన్నాడు గుసగుసగా.

"ఇంటర్నెట్లో ఎవడో దూరి ఉంటాడు."

"నెట్ లేదక్కా. పొద్దుటి నుంచీ లేదు." మాట మధ్యలో ఆపేశాడు. హెడ్‌ఫోన్లు తీసి నా చేతికిచ్చాడు. "అక్కా... నిన్నే అడుగుతంది."

పెట్టుకున్నాను. విమానం ఇంజన్ల రొద. దాని వెనక వాన రేకుల మీద పడుతున్న చప్పుడు. దాని వెనక, చాలా కింద నుంచి, ఒక ముసలి గొంతు.

"ఎవులమ్మా... పైన?"

ఆ గొంతు నాకు తెలుసు.

ఆమె పేరు తలుపులమ్మ. ఆ పాకలో ఉండేది. బెల్లం వండడం మానేశాక ఎవరూ వద్దనలేదు గనక అక్కడే ఉండిపోయింది. జూలైలో ఒకరోజు నా స్కూటీకి చెయ్యడ్డం పెట్టింది. "పంతులమ్మా, ఒక్క కాయితం రాసిపెట్టమ్మా. గోడ ఒరిగిపోతంది. వానొత్తే పడిపోద్ది. ఇల్లు ఇమ్మని రాయి." ఎవరికి రాయాలో తెలుసా అని అడిగాను. తెలీదంది. తెలుసుకుని రమ్మన్నాను. వారం పోయాక మళ్ళీ ఆపింది. గ్రామ సచివాలయానికి వెళ్ళమన్నాను. మూడోసారి స్కూటీ హ్యాండిల్ పట్టుకుని వదల్లేదు. ఆమె వేళ్ళు నల్లగా, పగుళ్ళతో ఉన్నాయి. ఒక్కొక్క వేలూ విడదీసి తీసేశాను. తర్వాత, ఆమె చూస్తుండగానే, చెయ్యి రుమాలుతో తుడుచుకున్నాను.

ఆగస్టు వానల్లో గోడ కూలింది. మా స్కూలు ఆయా కుమారి వచ్చి చెప్పింది, మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరూ చూడలేదని. నేను హాజరుపట్టీ మూసి, "అలాంటి గోడ కింద ఎవరు పడుకోమన్నారు?" అన్నాను. స్టాఫ్ రూములో ఒకరిద్దరు నవ్వారు కూడా.

అక్కడ ఎవరూ ఉండరని నాకు తెలిసింది అలాగే.

"పంతులమ్మా," అంది గొంతు. దగ్గు. "నువ్వేనా పైన? ఎంత ఎత్తునున్నావమ్మా?"

ఇరవై ఏళ్ళుగా ప్రశ్న వినబడితే జవాబు చెప్పడం నాకు అలవాటు. కళ్ళు ఎత్తు చూపించే ముల్లు మీదికి పోయాయి. "ఎనిమిదివేలు," అనేశాను.

ముల్లు కదిలింది. నాలుగువేలు.

"ఏం చేస్తున్నారు? పిడి తిన్నగా పట్టుకోండి!" మా ఆయన మీద అరిచాను.

ఆయన రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. "నేను ముట్టుకోలేదు సత్యా."

విమానం ముక్కు దించలేదు. తిన్నగానే ఉంది. వేగం నూట అరవై, కొంచెం కూడా మారలేదు. ఆ దిగడం నేను చెప్పే ఏ లెక్కకీ అందదు. కింద మబ్బు మాత్రం దగ్గరికొచ్చింది.

"సరిగా వినబడలేదమ్మా... ఎంత?"

నోరు మూసుకోవాలనుకున్నాను. మూసుకోలేకపోయాను. "నాలుగు..."

రెండువేలు.

"ఎంతమ్మా?"

కన్నబాబు ఏడుస్తున్నాడు. నలభై ఏళ్ళ మగాడు, ముక్కు చీదుకుంటూ ఏడుస్తున్నాడు. ఇంకోరోజైతే ఎంత అసహ్యించుకునేదాన్నో. ఆ క్షణంలో అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

రెండువేలని ఎప్పుడన్నానో తెలీదు. ముల్లు వెయ్యి మీదుంది. మబ్బులోకి దిగాం. స్క్రీనంతా తడిసిన గోనె రంగు. కుళ్ళిన మట్టి వాసన గొంతులోకి దిగింది. నాకు ఒక ఆలోచన వచ్చింది. తెలివైనదాన్ననుకున్నాను.

"ఇరవై వేలు," అన్నాను మైకులో. గట్టిగా, క్లాసులో చెప్పినట్టు. "ఇరవై వేల అడుగుల మీదున్నాను."

ఇంజన్ల రొద ఆగింది. వాన చప్పుడు ఆగింది. ఆ నిశ్శబ్దంలో, హెడ్‌ఫోన్లలో కాదు, చెవిలోనే అన్నట్టు...

"అబద్ధాలెందుకమ్మా. కనిపిత్తన్నావు."

మబ్బు విడిపోయింది. స్క్రీను నిండా తుప్పుపట్టిన రేకులు. ముల్లు తొంభై ఐదు అడుగుల మీద నిలబడింది. నేల తొంభై. రేకుల సందులోంచి ఏదో పైకి వస్తోంది. నల్లగా. పగుళ్ళతో. ఒకటి, రెండు, మూడు... వేళ్ళు.

"ఆపెయ్యండి!" అని అరిచాను.

మా ఆయన వంగి ప్లగ్గు పీకేశాడు. స్క్రీను నల్లబడింది. హెడ్‌ఫోన్లు విసిరికొట్టాను.

ఇంజన్ల శబ్దం మాత్రం వస్తూనే ఉంది. కంప్యూటర్లోంచి కాదు. ముగ్గురం ఒకేసారి తలలెత్తి ఇంటి కప్పు వైపు చూశాం. డాబా మీదుగా, వానలో, ఏదో బరువైనది నెమ్మదిగా వెళ్ళింది. కిటికీ అద్దాలు వణికాయి. శారదానది వైపు సన్నబడి, సన్నబడి, వాన చప్పుడులో కలిసిపోయింది.

కన్నబాబు చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పారిపోయాడు.

సోమవారం స్కూలుకి సెలవు పెట్టి ఆ పాక దగ్గరికి వెళ్ళాను. స్కూటీ రోడ్డు మీద ఆపి, మోకాళ్ళ దాకా బురదలో నడిచాను. ఏమీ లేదు. బాంబు పడ్డ గోతులు లేవు, కాలిన గుర్తులు లేవు. కూలిన గోడ, దాని మీద ఒరిగిన రేకులు, వాటి మీద పాకిన తీగ. ఆమె పడుకున్న చోటెక్కడో కూడా తెలియడం లేదు.

రోడ్డు మీదికి తిరిగొచ్చి సంచిలోంచి తెల్లకాగితం తీశాను. స్కూటీ సీటు మీద పెట్టి రాయడం మొదలుపెట్టాను. గౌరవనీయులైన తహసీల్దారు గారికి. విషయం, ఇల్లు మంజూరు చేయవలసిందిగా విన్నపం. నా చేతిరాత చాలా బావుంటుంది, స్కూల్లో సర్టిఫికెట్లన్నీ నేనే రాస్తాను. 'తలుపులమ్మ అను నేను' అని రాసేసరికి పెన్ను ఆగిపోయింది. ఆమె ఇంటిపేరేమిటి? భర్త పేరేమిటి? వయసెంత? మూడుసార్లు మాట్లాడాను. ఏదీ అడగలేదు. ఖాళీలు వదిలేసి, మిగతాది పూర్తిచేసి, మళ్ళీ బురదలో వెళ్ళి, కూలిన గోడ దగ్గర ఒక రాయి కింద పెట్టి వచ్చేశాను. జీవితంలో నేనింత అర్థంలేని పని ఎప్పుడూ చెయ్యలేదు. దారంతా ఏడ్చాను.

మా ఆయన కంప్యూటరు అమ్మేశాడు. కన్నబాబు మా వీధిలోకే రావడం లేదు. మానసిక వైద్యుడికి చూపించుకోమంది మా చెల్లెలు గౌతమి, ఫోనులో, వంట చేసుకుంటూ. దానికి నేను ఏ సమాధానం చెప్పానో రాస్తే బావుండదు.

తర్వాతి ఆదివారం. వాన లేదు. అయిదున్నర. బట్టలు మడతపెడుతున్నాను. పైన, డాబాకి చాలా పైన ఎక్కడో, అదే గొంతుతో ఒక మాట వినిపించింది. బిందె దించుకున్న మనిషి అన్నంత తేలిగ్గా.

"ఇడిసీసేను."

ఆటలో బాంబు విడిచినప్పటిలాగే, నాకు తెలియకుండానే లెక్క మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు... ఏడు దగ్గర డాబా మీద ధబ్బుమని చప్పుడు. గోడ పెచ్చులు రాలాయి. మా ఆయన పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఆయనకి చప్పుడు వినబడింది, మాట వినబడలేదట. ఇద్దరం పైకెళ్ళి చూశాం. డాబా శుభ్రంగా, పొడిగా ఉంది.

కిందికి వచ్చి, ఎంత ఎత్తు నుంచి పడిందో లెక్క కట్టాను. కట్టకుండా ఉండలేను. ఏడుని ఏడుతో హెచ్చవేసి, దాన్ని పదహారుతో. ఏడువందల ఎనభై నాలుగు అడుగులు.

ఆ పై ఆదివారం అయిదు సెకన్లు. నాలుగువందల అడుగులు.

ఆ పైది మూడు. నూట నలభై నాలుగు. ఆ రోజు మాట చాలా స్పష్టంగా వినబడింది, మధ్యలో చిన్న దగ్గుతో సహా.

మొన్న ఆదివారం మా ఆయన్ని ఇంట్లో ఉండనివ్వలేదు. వాళ్ళ అక్క లోవమ్మ ఇంటికి, రాంబిల్లి పంపించేశాను. అయిదున్నరకి డాబా కింద, గది మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏదైతే అదే అవుతుందనుకున్నాను. క్షమించమని అడగడానికి మాటలు కూడా కూర్చుకుని పెట్టుకున్నాను.

"ఇడిసీసేను," అంది.

లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఈరోజు గురువారం. చప్పుడు ఇంకా రాలేదు.